మాయాకథకు మాయాకథే జవాబు

ఈమధ్య తిరుపతిలో ఒక కళాశాల వాళ్ళు విద్యార్థులకు కథల పోటీ పెట్టి, వచ్చిన కథలను చూసి పెట్టమని ముగ్గురిని పిలిచారు. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. ఎక్కువ భాగం ప్రేమకథలు, పరీక్షల కథలు, తల్లిదండ్రుల త్యాగాల కథలు. ఒక్కటి మాత్రం మాయాకథ. శేషాచలం అడవుల్లో, తలకోన జలపాతానికి ఎగువన, బయటివాళ్ళ కంటికి కనపడని ఒక మంత్రవిద్యల బడి ఉంటుంది. అందులో చేరిన ఒక పల్లెటూరి పిల్ల, తన ఊరి ఆడపిల్లలను చెరిచి దాక్కున్న ఒక పెద్దమనిషిని పట్టుకోవడానికి రోజుకొక వేషం మార్చుకుంటూ ఊళ్ళన్నీ తిరుగుతుంది. నాతో ఉన్న న్యాయనిర్ణేతల్లో ఒకరు రెండో పేజీ దాటకముందే కాగితాలు పక్కన పెట్టి, "ఇది హ్యారీ పాటర్ కాపీ అండీ, మంత్రాల బడి అనగానే తెలిసిపోతోంది" అన్నారు. రెండో ఆయన సరేనన్నారు. నేను సరేననలేదు.

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళు ఎవరైనా ఆ కథను చివరిదాకా చదివితే దాని మూలం మన గంగమ్మ జాతర కథేనని పోల్చుకోవడానికి క్షణం పట్టదు. పాలెగాడు భయపడి దాక్కోవడం, అతన్ని వెతుకుతూ గంగమ్మ బైరాగి వేషం, తోటి వేషం అంటూ ఒక్కోరోజు ఒక్కో రూపంలో రావడం, చివరికి దొర వేషం చూసి నిజంగానే దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటపడటం, అతని చావు, ఇవన్నీ ఏటా జాతర రోజుల్లో ఈ ఊరి వీధుల్లో మనం కళ్ళారా చూస్తున్నవే. కథకు ఆయువుపట్టు అక్కడ ఉంది. బడి అన్న ఆలోచన ఒక్కటే బయటి నుంచి వచ్చింది. తర్వాత ఆ అమ్మాయిని కలిసి అడిగితే చెప్పిన మాటలివి: "ఆ పుస్తకాలు నేను చదవలేదు మేడం, సినిమాలు చూసినా. కత మా అవ్వ చెప్పిందే. చిన్నప్పుడు అవ్వను ఒకటే అడిగేదాన్ని, పాలెగాడు యాడ దాక్కున్నాడో వాళ్ళింట్లో ఆడోళ్ళకు తెలీకుండా ఉంటాదా, వాళ్ళెందుకు చెప్పలా అని. అవ్వ ఊరుకోమనేది. అందుకే నేను రాసినా." ఆమె కథలో ఆ ఇంటి తలుపు లోపలి నుంచి తీసేది ఆ ఇంటి ఆడవాళ్ళే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ అమ్మాయి జవాబులో ఉంది. చిన్నప్పుడు చదివిన మాయాకథల నుంచి తర్వాతి రచయితలకు ఉంగరాలు, మంత్రదండాలు, మాట్లాడే జంతువులు అందుతాయన్నది నిజమే. అంతకంటే లోతుగా అందేది ఆ కథ తీర్చకుండా వదిలేసిన అసంతృప్తి, పిల్లవాడు నమ్మలేకపోయిన ఒక ముక్క, పెద్దవాళ్ళు ఊరుకోమన్న ఒక ప్రశ్న. దాన్ని మోసుకుంటూ పెరిగినవాడు పెద్దయ్యాక రాసే పుస్తకం ఆ పాత పుస్తకానికి జవాబు అవుతుంది. అందువల్ల పోలికలు చూసి కాపీ అనేయడం సగం చదువు మాత్రమే. తేడాలు ఎక్కడ మొదలయ్యాయో చూడటంతోనే అసలు చదువు మొదలవుతుంది.

మెత్తని పాదాలు

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణతో మొదలుపెడతాను. జార్జ్ మెక్డొనాల్డ్ రాసిన 'ద ప్రిన్సెస్ అండ్ ద గోబ్లిన్' 1872లో పుస్తకంగా వచ్చింది. కొండ కింద గనుల్లో గోబ్లిన్లనే వికృత జాతి బతుకుతూ ఉంటుంది. వాళ్ళకు రెండు బలహీనతలు. ఒకటి, వాళ్ళ పాదాలు వేళ్ళు లేకుండా మెత్తగా ఉంటాయి, గట్టిగా తొక్కితే విలవిల్లాడతారు. రెండు, వాళ్ళు పాటను, పద్యాన్ని భరించలేరు. గనిలో పనిచేసే కర్డీ అనే కుర్రవాడు అప్పటికప్పుడు ప్రాసలు కట్టి పాడుతూ, కాళ్ళు తొక్కుతూ వాళ్ళను తరిమేస్తాడు. పిల్లలకు ఇంతకంటే ధైర్యమిచ్చే ఆలోచన ఉండదు. చీకట్లో భయం వేస్తే పాట పాడు, అదే నీ ఆయుధం.

'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ 1892లో పుట్టాడు, చిన్నతనంలో ఈ కర్డీ కథలను ఇష్టంగా చదివాడు. చాలా ఏళ్ళ తర్వాత, 1954లో రాసిన ఒక ఉత్తరంలో, తన కథల్లోని ఓర్క్‌లనే దుష్టజాతి జీవులు మెక్డొనాల్డ్ గోబ్లిన్లకు కొంత రుణపడి ఉన్నాయని ఒప్పుకుంటూ, ఆ మెత్తని పాదాలను మాత్రం తానెన్నడూ నమ్మలేదని ఒక చిన్న మినహాయింపు చేర్చాడు. అరవై దాటిన ఒక ఆచార్యుడు, అప్పటికి పేరుమోసిన రచయిత, పసితనంలో తనకు నచ్చని ఒక వివరాన్ని అంతకాలం గుర్తుంచుకున్నాడు. గోబ్లిన్లను తీసుకున్నాడు, వాటి పాదాలను తిరస్కరించాడు. 1937లో వచ్చిన 'ద హాబిట్' తీసి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. అక్కడ గోబ్లిన్లు బందీలను సొరంగంలోకి ఈడ్చుకెళ్తూ తామే పాట పాడతాయి, కొరడా దెబ్బలకు తాళం వేసినట్టు. మెక్డొనాల్డ్ కథలో దుష్టులను తరిమిన పాట ఇక్కడ దుష్టుల నోటికే చేరింది. టోల్కీన్ ఇది కావాలని చేశాడని నేను అనను, కానీ ఆ మార్పు వల్ల పుట్టిన భయం మాత్రం కొత్తది. పాడటం వచ్చినంత మాత్రాన రక్షణ దొరకదని ఆ కథ మొదటిసారి చెబుతుంది.

ఇదే మెక్డొనాల్డ్ ఇంకొకరికి మరో విధంగా అందాడు. నార్నియా కథల రచయిత సి.ఎస్. లూయిస్ పదిహేడేళ్ళ వయసులో, 1916లో, ఒక రైల్వే స్టేషన్ పుస్తకాల దుకాణంలో 'ఫాంటాస్టీస్' కొన్నాడు. అది 1858 నాటి పుస్తకం, పెద్దలకోసం రాసింది. ఆ రాత్రి తన ఊహాశక్తికి జ్ఞానస్నానం జరిగిందన్న అర్థంలో లూయిస్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1946లో మెక్డొనాల్డ్ రచనల నుంచి ఏరి ఒక సంకలనం తెచ్చి, దాని ముందుమాటలో ఆయన్ను తన గురువుగా ప్రకటించాడు. టోల్కీన్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచాడు. 1960లలో మెక్డొనాల్డ్ కథ 'ద గోల్డెన్ కీ'కి ముందుమాట రాయమని అడిగితే, ఒప్పుకుని మళ్ళీ చదివి, తన చిన్ననాటి జ్ఞాపకంలో ఉన్న మెక్డొనాల్డ్ ఆ పేజీల్లో లేడని నిరాశపడ్డాడు. మాయాలోకం అంటే ఏమిటో వివరించడానికి ఆ ముందుమాటలో చిన్న ఉదాహరణగా ఒక వంటవాడు పిల్లల విందుకు కేకు చేయడం గురించి మొదలుపెట్టాడు. తీరా ఆ ఉదాహరణే పెరిగి 1967లో 'స్మిత్ ఆఫ్ వూటన్ మేజర్' అయింది, ముందుమాట మాత్రం పూర్తికానే లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ చివరి సంగతే. వాదించబోయినవాడు వాదన సగంలో ఆపి కథ చెప్పడం మొదలుపెట్టాడు. పైగా డెబ్బై దాటాక చదివినప్పుడు నచ్చని అదే రచయిత, చిన్నప్పుడు అతనికి గోబ్లిన్లను ఇచ్చినవాడు. అంటే ప్రభావం వేసింది అచ్చులో ఉన్న పుస్తకం అనడానికి లేదు, ఆ పసివాడు తన మనసులో కట్టుకున్న పుస్తకం. మనం మూలాలు వెతికేటప్పుడు రెండు పుస్తకాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి గీతలు గీస్తాం. కానీ మధ్యలో ఉన్న ఆ మూడో పుస్తకం, జ్ఞాపకంలోది, మనకెవరికీ దొరకదు.

నా వాదనకు లూయిస్ అడ్డు

ఇక్కడ నా మాటకు ఎదురు చెప్పే అవకాశం ఉందని నాకు తెలుసు. లూయిస్‌కు మెక్డొనాల్డ్ మీద తగాదా ఏదీ లేదు, జీవితాంతం కృతజ్ఞత తప్ప. మరి అసంతృప్తి నుంచి పుస్తకాలు పుడతాయన్న నా సూత్రం ఆయన దగ్గర నిలబడుతుందా?

ఈ సందేహం తీర్చుకోవడానికి నేను ఆయన చదివిన మరో రచయిత్రి ఈ. నెస్బిట్ దగ్గరికి వెళ్ళాను. నెస్బిట్ 'ద స్టోరీ ఆఫ్ ది ఆమ్యులెట్' (1906) తన మీద బాగా పనిచేసిందనీ, ప్రాచీన కాలం వైపు తన కళ్ళు మొదట తెరిపించింది అదేననీ లూయిస్ చెప్పాడు. ఆ నవలలో ఒక ఘట్టం ఉంది. పిల్లలు తాయెత్తు మహిమతో కాలంలో వెనక్కి వెళ్ళి కలుసుకున్న బాబిలోను రాణి ఒకరోజు లండన్‌కు వచ్చేస్తుంది. మ్యూజియంలో ఉన్న నగలు తనవేనని, తనకు ఇచ్చేయమని గొడవ చేస్తుంది. వీధుల్లో కూలివాళ్ళను చూసి, మీ బానిసలను ఇంత దీనంగా ఎందుకు ఉంచారని అడుగుతుంది. వాళ్ళు బానిసలు కారు, పనివాళ్ళు అని పిల్లలు చెబుతారు. ఇలా ఉంచితే తిరగబడతారు సుమా అని రాణి హెచ్చరిస్తే, వాళ్ళకు ఓటు ఉందిగా అని జవాబు వస్తుంది. నెస్బిట్ ఫేబియన్ సోషలిస్టు కనుక ఈ సంభాషణ ఊరికే రాలేదు.

1955లో వచ్చిన లూయిస్ నవల 'ద మెజీషియన్స్ నెఫ్యూ'లో కూడా వేరే లోకపు రాణి జేడిస్ లండన్ వీధుల్లోకి వచ్చి బీభత్సం చేస్తుంది. పోలిక దాచాలన్న ప్రయత్నమే లేదు. మొదటి పేజీలోనే ఈ కథ జరిగిన కాలం ఏదో చెబుతూ, అప్పటికి షెర్లాక్ హోమ్స్ బేకర్ వీధిలో ఉంటున్నాడని, బాస్టబుల్స్ నిధి వెతుకుతున్నారని అంటాడు. బాస్టబుల్స్ అంటే నెస్బిట్ సృష్టించిన పిల్లలు. అంతటి బాహాటమైన రుణం అది. కానీ రాణి మారిపోయింది. నెస్బిట్ రాణి తిక్కదే గాని మనసున్నది, పేదవాళ్ళను చూసి జాలిపడుతుంది. జేడిస్ తన లోకంలో తాను తప్ప ప్రాణి మిగలకుండా ఒకే ఒక్క మాటతో చంపి వచ్చిన మనిషి. ఆ లండన్ ఘట్టం లూయిస్‌లో కూడా నవ్విస్తుంది, అయితే ఆ నవ్వు కింద చచ్చిపోయిన ఒక లోకం ఉంది. పిల్లలు సరదాగా ఇంటికి తెచ్చుకున్న మహారాణి నిజంగా మహారాణి అధికారం ఉన్న మనిషైతే ఏమవుతుంది అన్న ప్రశ్న నెస్బిట్‌ను ప్రేమించిన పాఠకుడికే తడుతుంది. కూలివాళ్ళ సంగతి మాత్రం లూయిస్ వదిలేశాడు. అది నాకు నష్టంగానే కనిపిస్తుంది. జవాబు చెప్పేవాడు పాత పుస్తకంలోని మంచి ప్రశ్నను కూడా ఒక్కోసారి జారవిడుస్తాడు.

కాబట్టి అసంతృప్తి అన్న నా మాటను కొంచెం సడలిస్తాను. కోపమే ఉండనక్కరలేదు. ఇష్టం కూడా అంత పనీ చేస్తుంది, ఆ ఇష్టం 'తర్వాత?' అని అడిగేంత గట్టిదైతే.

ఉర్సులా లెగ్విన్ సంగతి దీనికి సరిగ్గా సరిపోతుంది. పన్నెండేళ్ళ వయసులో ఇంట్లో పుస్తకాల అరలో లార్డ్ డన్సేనీ కథల పుస్తకం కనపడటం, పురాణాల్లాంటి కథలను మనుషులు ఇప్పటికీ కొత్తగా కల్పిస్తున్నారా అని ఆశ్చర్యపోవడం గురించి ఆమె రాసుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, ఒక ప్రచురణకర్త కాస్త పెద్ద పిల్లల కోసం నవల రాయమని అడిగినప్పుడు, ఆమె మెర్లిన్, గాండాల్ఫ్ వంటి మాంత్రికులను తలచుకుంది. అందరూ తెల్లగడ్డాల ముసలివాళ్ళే. మరి ఆ గడ్డాలు రాకముందు వాళ్ళు ఎలా ఉండేవాళ్ళు, ఆ ప్రమాదకరమైన విద్య ఎక్కడ నేర్చుకున్నారు? 1968 నాటి 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' అంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు. మాంత్రికుల బడి అందులో ఉంది, హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో రావడానికి దాదాపు ముప్పై ఏళ్ళ ముందే. అందుకే మంత్రాల బడి అనగానే ఒకే పేరు పలికేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. లెగ్విన్ అక్కడితో ఆగలేదు. తన ఎర్త్‌సీలో మంత్రవిద్య పెద్ద చదువంతా మగవాళ్ళకే దక్కిందని, ఆడవాళ్ళ మంత్రం నీచమైనదని సామెతలు కూడా పెట్టానని గ్రహించి, 1990లో 'తెహాను' రాసి తన పాత పుస్తకాలతో తానే వాదించింది. అధికారం పోయిన ఒక మాంత్రికుడు, మధ్యవయసు దాటిన ఒక రైతు ఇంటి స్త్రీ, నిప్పులో కాలిపోయిన ఒక చిన్నపిల్ల, ఈ ముగ్గురి మధ్య నడిచే ఆ నవలను నేను ఆమె రచనలన్నిటిలోకీ గొప్పదిగా భావిస్తాను.

లూయిస్‌తో ఫిలిప్ పుల్మన్ తగాదా అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. లూయిస్ నార్నియా కథల చివరి పుస్తకంలో సూసన్ అనే అమ్మాయి లిప్‌స్టిక్కులు, విందులు తప్ప మరేమీ పట్టనిదైపోయిందన్న నెపంతో ఆ లోకానికి బయటే మిగిలిపోతుంది. పుల్మన్ దీన్ని బహిరంగంగా, కటువుగా విమర్శించాడు. అతని 'నార్దర్న్ లైట్స్' (1995)లో లైరా అనే అమ్మాయి కథ మొదట్లోనే ఒక బట్టల బీరువాలో దాక్కుంటుంది. నార్నియాకు దారితీసింది బీరువానే కదా. లైరాకు అందులోంచి వేరే లోకం కనపడదు, గదిలో పెద్దవాళ్ళు చేస్తున్న పనులు కనపడతాయి. ఎదగడం శాపం కాదని మూడు సంపుటాల్లో వాదించిన ఆ రచన, లూయిస్ లేకపోతే ఈ రూపంలో పుట్టేది కాదు.

అన్నీ జవాబులేనా?

కావు. నా తోటి న్యాయనిర్ణేత అనుమానం పూర్తిగా నిరాధారం కాదని కూడా ఒప్పుకోవాలి. 1977లో వచ్చిన టెర్రీ బ్రూక్స్ 'ద సోర్డ్ ఆఫ్ షన్నారా' బాగా అమ్ముడుపోయింది, దానితోపాటే టోల్కీన్ నవలకు మక్కికి మక్కి అనుకరణ అన్న నిందను కూడా మోసింది. పాత్రలు, ప్రయాణం, మలుపులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఆ నిందను తోసిపుచ్చడం కష్టం. పాత పుస్తకంలో తనకు ఏది లోటుగా తోచిందో చెప్పలేని రచయిత ఆ పుస్తకాన్ని మళ్ళీ రాస్తాడు, అంతే. నా దగ్గర ఉన్న కొలబద్ద ఇదొక్కటే: కొత్త పుస్తకం చదివాక పాత పుస్తకం వైపు తిరిగి చూస్తే అది కొంచెం మారినట్టు కనపడాలి. గంగమ్మ కథ ఆ అమ్మాయి రాసింది చదివాక నాకు మారింది. ఆ తర్వాత జాతరలో దొర వేషం కట్టినవారు ఎదురైనప్పుడు నా చూపు పాలెగాడి వైపు పోలేదు, కథలో ఎక్కడా వినపడని అతని ఇంటివాళ్ళ వైపు పోయింది.

రచయితలు తమ మూలాల గురించి చెప్పే మాటలను ఎంతవరకు నమ్మాలన్నది ఇంకో సందేహం. వైక్-స్మిత్ రాసిన 'ద మార్వెలస్ లాండ్ ఆఫ్ స్నెర్గ్స్' (1927) టోల్కీన్ పిల్లలకు చాలా ఇష్టమైన పుస్తకం. పొట్టిగా, బలంగా, విందులంటే పడిచచ్చే స్నెర్గులు అందులో ఉంటారు. తన కథల్లోని పొట్టివాళ్ళైన హాబిట్లకు అది బహుశా తనకే తెలియకుండా మూలమై ఉంటుందని టోల్కీన్ తర్వాత అన్నాడు. తనకే తెలియకుండా అన్న మాట నాకు విలువైనదిగా తోస్తుంది. పడుకోబోయే పిల్లలకు చదివి వినిపించిన కథ, చదివిన తండ్రి చేతిలో మొలకెత్తింది. పిల్లల పుస్తకం పిల్లలకే పనిచేస్తుందనుకోవడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందేవి కథలో వస్తువులు కానవసరం లేదనడానికి కూడా ఆధారాలున్నాయి. లూయిస్ పసివాడుగా ఉన్నప్పుడు బియాట్రిక్స్ పాటర్ రాసిన ఉడుత బొమ్మల పుస్తకం 'స్క్విరెల్ నట్కిన్' చూసి, అందులోంచి ఉడుతను తీసుకోలేదు, శరదృతువు పట్ల ఒక ఆరాటాన్ని తీసుకున్నాడు. హ్యారీ పాటర్ రచయిత్రి రౌలింగ్, ఎలిజబెత్ గౌజ్ నవల 'ద లిటిల్ వైట్ హార్స్' (1946)ను తలచుకుంటూ, పాత్రలు ఏం తింటున్నారో ఆ రచయిత్రి ప్రతిసారీ వివరంగా చెప్పడం తనకు నచ్చేదని అంది. హ్యారీ చదివే హాగ్వర్ట్స్ బడి విందు బల్లల మీద వంటకాలన్నీ పేరుపేరునా ఎందుకు వస్తాయో అప్పుడు అర్థమవుతుంది. ఆకలితో ఉన్న ఒక అనాథ పిల్లవాడి ముందు ఆ పళ్ళేలన్నీ నిండటం, ఆ నవలలో నాకు ఏ మంత్రం కంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టే ఎదురు ఉదాహరణ పిల్లల మాయాకథల రచయిత్రి డయానా విన్ జోన్స్. ఆమె తండ్రి పుస్తకాల విషయంలో పరమ పిసినారి. ఆర్థర్ రాన్సమ్ పిల్లల నవలల సెట్టు కొని, బీరువాలో పెట్టి, ముగ్గురు అక్కచెల్లెళ్ళకూ కలిపి ఏడాదికి ఒకటి చొప్పున బయటికి తీసేవాడట. పుస్తకాలు చాలక ఆమె తానే నోటు పుస్తకాల్లో కథలు రాసి చెల్లెళ్ళకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. అంటే లేమి కూడా రచయితను తయారుచేస్తుందా? చేయగలదని ఒప్పుకుంటాను. కానీ ఆమె ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళి లూయిస్, టోల్కీన్ల ఉపన్యాసాలు విన్నదన్న సంగతి కూడా పక్కనే ఉంది. చిన్నప్పుడు దొరకనిది ఆమెకు యౌవనంలో దొరికింది. అసలే దొరకని వాళ్ళలో ఎందరు రాయకుండా మిగిలిపోయారో లెక్కపెట్టే మార్గం లేదు.

మన తాతల పేర్లు

ఇంత చెప్పాక మన సంగతి రాకుండా ఉండదు. మనకు మాయాకథలు తక్కువా? మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు'లో మణిసిద్ధుడు గోపాలుడికి మజిలీకొక కథ చెబుతూ కాశీ దాకా నడిపించాడు. ఆ కథల్లో ఒకదాన్ని, కొంత అల్లావుద్దీన్ కథను కలుపుకుని పింగళి నాగేంద్రరావు రాయగా 1951లో 'పాతాళ భైరవి' వచ్చింది. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో 'చందమామ' మొదలుపెట్టినవాళ్ళే. బేతాళ కథలైతే నేను చెబుతున్నదానికి పెద్ద సాక్ష్యం. సంస్కృతంలో ఉన్నవి పాతికే. చందమామ ఆ చట్రాన్ని పట్టుకుని, నెలనెలా కొత్త కథలు రాయించి, దశాబ్దాల పాటు విక్రమార్కుణ్ణి చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ పంపించింది. దాన్ని కాపీ అని ఎవరూ అనలేదు. పైగా ప్రతి కథా ఒక ప్రశ్నతో ఆగేది, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందన్న బెదిరింపుతో సహా. కథను ప్రశ్నించడం మన పిల్లలకు నెలనెలా ఇంటికి వచ్చిన చదువు.

మరి ఆ చదువు చదివిన తరాల నుంచి మాయా నవలలు ఎందుకు విరివిగా రాలేదు? సినిమాలోకి వెళ్ళింది, నిజమే. జానపద సినిమా మన మాయాకథకు కొన్నాళ్ళు ఇల్లయింది. కానీ సినిమా తీయడానికి కోట్లు కావాలి, నవల రాయడానికి కాగితాలు చాలు. డబ్బు లేని పందొమ్మిదేళ్ళ అమ్మాయి చేయగలిగింది నవల రాయడమే. నాకు తోచే కారణాల్లో ముఖ్యమైనది దాసరి సుబ్రహ్మణ్యం గారి విషయంలో కనిపిస్తుంది. 1954లో 'తోకచుక్క'తో మొదలై 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయా సరోవరం' దాకా చందమామలో సాగిన సీరియల్స్ ఆయన రాసినవి. తెలుగు పిల్లల ఊహలో మాంత్రికుడు, నరభక్షకుల కోన, శిథిలమైన గుడి ఎలా ఉంటాయో నిర్ణయించింది ఆయన కలం, చిత్రా కుంచె. బొమ్మ మూలన చిత్రా సంతకం ఉండేది. సీరియల్ మీద దాసరి పేరు ఉండేది కాదు. లూయిస్ తన గురువు పేరు పట్టుకుని సంకలనం వేయగలిగాడు. మన పిల్లలకు తమ ఊహకు తండ్రి ఎవరో తెలియదు. పేరు తెలియని మనిషితో వాదన పెట్టుకోవడం కష్టం. కృతజ్ఞత చెప్పుకోవడం కూడా కష్టమే. 2010లో ఆయన పోయేనాటికి ఆ పేరు ఆయన అభిమానుల్లో ప్రచారంలోకి వచ్చింది, తర్వాత సీరియల్స్ పుస్తకాలుగానూ వచ్చాయి. అయితే అప్పటికి మొదటి పాఠకులు తాతలైపోయారు.

రెండో కారణం మన మురిపెం. చిత్తూరులో మాకు తెలిసిన ఒకరి ఇంట్లో పాత చందమామల బైండ్లు అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయి. వాళ్ళ మనవడు చూస్తానని అడిగితే, చింపేస్తాడని భయపడి ఇవ్వలేదు, ఫోనులో స్కాను చేసిన పేజీలు చూపించారు. ఆయనకు ఆ పత్రికలంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ తాళం వేసిన పుస్తకాన్ని ప్రశ్నించే పిల్లవాడు పుట్టడు. మనం ఆ సీరియల్స్ గురించి రాసేవన్నీ దాదాపుగా జ్ఞాపకాలే, ఆ రోజులు, ఆ వాసన, ఆ అరుగు. ఆ కథల్లో తప్పేమిటో, లోటేమిటో రాసినవి చాలా అరుదు.

అవి నెలనెలా పత్రిక పేజీలు నింపడానికి రాసినవి, వాటికి అంత లోతు ఉందా అని ఒక మిత్రురాలు నన్ను అడిగింది. నెస్బిట్ రాసిన ఆ తాయెత్తు కథ కూడా 'ద స్ట్రాండ్' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిందే. నెలనెలా రావడం లోటైతే అది లూయిస్ దాకా చేరేది కాదు.

అడగవలసినవి ఎన్నో ఉన్నాయి. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి ప్రమాదాల మీద ప్రమాదాలు దాటుకుంటూ పోతుంటే, 'మాయా సరోవరం'లో జయశీలుడు, సిద్ధసాధకుడు అడవుల్లో కొట్టుకుపోతుంటే, చదివే ఆడపిల్లగా నేను ఎవరి వెనక నడవాలో నాకు తెలిసేది కాదు. సాహసమంతా ఇద్దరు మగ స్నేహితులది. ఆ అడవుల్లో ఎదురయ్యే ఆటవిక జాతులు ఎక్కువగా బయటివాళ్ళ కంటితోనే కనపడతాయి. వాళ్ళ గూడెంలో కూర్చుని చూస్తే, కత్తులు పట్టుకుని వచ్చిన ఆ ఇద్దరు యువకులు ఎలా కనపడతారు? సిద్ధసాధకుడు సిద్ధి కోసం ఎవరి దగ్గర, ఏ వయసులో, ఏం పోగొట్టుకుని ఆ విద్య మొదలుపెట్టాడు? దాసరి గారి వేగంలో వీటికి చోటు లేదు, ఆ వేగమే ఆయన గొప్పతనం కూడా. ఒక గండం తీరకముందే ఇంకో గండం తగిలించి, నెల రోజులు పిల్లలను ఆపి ఉంచడం అంత తేలికైన విద్య కాదు. ఆ విద్యను నేర్చుకుంటూ ఈ ప్రశ్నలు అడిగే రచయిత మనకు కావాలి.

ఆ పోటీలో ఆ అమ్మాయి కథకు మూడో బహుమతి మాత్రమే ఇప్పించగలిగాను. ఆమెకు 'శిథిలాలయం', 'తెహాను' రెండూ ఇచ్చాను. ఇంగ్లీషు పుస్తకం నిఘంటువు పక్కన పెట్టుకుని నిదానంగా చదువుతోంది, దాసరిని మాత్రం రెండు రాత్రుల్లో పూర్తిచేసి, ఆ కథలో తనకు కోపం వచ్చిన చోట్లన్నీ పెన్సిలుతో గీతలు పెట్టి తెచ్చింది. ఇప్పుడు నవల రాస్తానంటోంది. రాస్తే, లూయిస్ నెస్బిట్ పిల్లలను పిలిచినట్టు, మొదటి పేజీలోనే దాసరి గారి మనుషుల్లో ఒకరి పేరు పెట్టమని అడిగాను. ఎవరి పేరు పెట్టాలో తానే చూసుకుంటానంది.